నీలకంఠం పెంకు

యూరప్ దేశాల కూటమితో ఒప్పందం కుదిరిందని టీవీలో చెప్పిన మర్నాడు నేను పనిచేసిన రొయ్యల ప్లాంటులో స్వీట్లు పంచారు. రిటైరై ఏలూరులో ఇంటిపట్టున ఉన్న నన్ను కూడా మరిచిపోకుండా ఒక పూతరేకుల డబ్బా పంపారు. డబ్బా తెచ్చిన అమ్మాయి క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరిందట. పేరు హారిక.

"ఇంక సుంకం ఉండదంటండీ సార్. మన రొయ్యకి తిరుగే లేదండీ" అంది.

"సరుకు వెనక్కి తిరిగి రాకుండా ఉంటే చాలమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. ఉద్యోగమంతా రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగినవాణ్ణి, ఒప్పందాల పేరుతో పంచిన స్వీట్లు చాలాసార్లు తిన్నవాణ్ణి. ఈ పని ఎలాంటిదో హారిక లాంటివాళ్లకు ఎవరూ చెప్పరు. ట్రైనింగులో గ్లవ్స్ ఎలా తొడుక్కోవాలో చెబుతారు, అంతే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. ధైర్యం చెప్పే మాటలు కూడా పెద్దగా ఉండవు. నా దగ్గర అవి అయిపోయాయి.

మా నాన్నగారి కాటా

మా నాన్నగారిది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం. నాకు తెలిసిన వాణిజ్య శాస్త్రమంతా ఆ కొట్టులో ఉల్లిపొట్టు ఊడుస్తూ నేర్చుకున్నదే.

ఒకసారి ఎక్కడినుంచో ఒక పెద్ద కొనుగోలుదారు వచ్చాడు. యార్డులో అందరికంటే మంచి ధర చెప్పాడు. లారీలో తన కాటా తనే తెచ్చుకున్నాడు. మిగతా కొట్లవాళ్లు ఎగబడ్డారు. మా నాన్నగారు మాత్రం అమ్మలేదు. ఎందుకని అడిగితే, "ధర ఎక్కువ చెప్పేవాడు తన కాటా తనే తెచ్చుకున్నాడంటే, ధర గురించి మాట్లాడకురా. కాటా గురించి మాట్లాడు" అన్నారు. అప్పుడు నాకు ఆయన చాదస్తంగా కనిపించారు.

ఇప్పుడు హారికకు చెప్పేది కూడా అదే. సుంకం అంటే ధర. పరీక్ష అంటే కాటా. ఒప్పందం కుదిరినప్పుడల్లా పేపర్లు సుంకం గురించి రాస్తాయి. గేటు తీశారు, బాగానే ఉంది. లోపల కుక్కను కూడా విప్పారా అన్నది గేటు దాటాక గానీ తెలియదు.

మా ఇంట్లో నీచు వండరు. అలాంటి ఇంట్లో పుట్టి నేను రొయ్యల్లో పడ్డాను. కొత్తలో నేను డ్యూటీ నుంచి రాగానే మా అమ్మ నన్ను పెరటి దారిన రమ్మనేది. స్నానం చేసి వచ్చినా అన్నం కొంచెం దూరంగా కూర్చోబెట్టి పెట్టేది. రైతులు చెరువు పట్టుబడి పట్టే రోజున మర్యాదకు ఇచ్చిన రొయ్యలూ చేపలూ తెచ్చి పక్కింటి విజయ గారికి ఇచ్చేవాణ్ణి. మా వీధిలో నా ఉద్యోగం వల్ల సుఖపడింది ఆవిడ ఒక్కరే.

నా పని చెప్పడానికి తేలిక. రైతు రొయ్యలు పట్టే ముందు చెరువుకు వెళ్లి నమూనా తీసుకోవాలి. నిషేధించిన మందుల జాడ ఉందేమో ల్యాబులో చూడాలి. లేదని తేలితేనే ఆ చెరువు సరుకు ప్లాంటులోకి వస్తుంది, ఐసు పట్టి కంటైనర్ ఎక్కుతుంది.

వీరాస్వామి గారు

వీరాస్వామి గారిది కొల్లేటిలో వేట మీద బతికిన కుటుంబం. వేట గిట్టుబాటు కాక గణపవరం వైపు ఒక చెరువు లీజుకు తీసుకుని నీలకంఠం పెంచేవారు. ఉప్పునీటి వెనామీ రొయ్య తప్ప ఎరగని ఇప్పటివాళ్లకు చెప్పాలి, నీలకంఠం మన మంచినీటి రొయ్య. బాగా ఎదిగిన పోతుకు చేటంత తలా, పొడుగాటి నీలం చేతులూ ఉంటాయి. యూరప్ వాళ్లు దాన్ని తలతో, పెంకుతో అలాగే కావాలని కొనేవారు.

ఆ చుట్టుపక్కల రైతులందరూ మందు ముట్టనివాళ్లని నేను అనను. రోగం వచ్చిందంటే దుకాణంవాడు ఏ పొట్లం ఇస్తే అది చెరువులో కలిపేవాళ్లు ఉన్నారు. వాళ్ల సరుకు నేనే చాలాసార్లు ఆపేశాను, తిట్లు కూడా తిన్నాను. ఆ మందుల్ని నిషేధించడం న్యాయం. పరీక్ష ఉండాలి. నేను పరీక్షకు శత్రువును కాను, ఇది ముందే చెప్పుకోవాలి.

వీరాస్వామి గారు మాత్రం మందు వేసేవారు కాదు. రొయ్య నలతగా ఉంటే మేత తగ్గించేవారు, నీరు మార్చేవారు, పోయినవి పోయాయనుకునేవారు.

"జ్వరమొస్తే లంఖణం పెడతామండీ. రొయ్యకైనా అంతేనండీ" అనేవారు.

ఆయన మొండితనం మీద జోకులు వేసుకునేవాళ్లు కూడా ఆయన మాట మీద గురి ఉంచేవారు. చెరువు గలాయన లీజు ఇచ్చిందీ, మేత దుకాణంవాడు అరువు పెట్టిందీ ఆ గురి మీదే. వీరాస్వామి గారికి పొలం లేదు, ఇల్లు కూడా అంతంతమాత్రం. మందు వెయ్యడన్న పేరు ఒక్కటే ఆయన ఆస్తి.

ఏరి పెట్టిన రొయ్యలు

ఒక ఏడాది కూటమి తరఫున ఇద్దరు తనిఖీ అధికారులు వచ్చారు. ఒకాయన, ఒకావిడ. మా ప్లాంటు మేనేజర్ ప్రసాద్ గారు వాళ్లకు చూపించడానికి వీరాస్వామి గారి చెరువునే ఎంచుకున్నారు. మచ్చలేని చెరువు కాబట్టి అందులో తప్పు పట్టడానికి లేదు.

గట్టు మీద కుర్చీలు వేశారు. వీరాస్వామి గారి భార్య మంగమ్మ గారు కొబ్బరిబోండాలు కొట్టించి ఉంచారు. వీరాస్వామి గారు తలగుడ్డ సర్దుకుని విసురువల వేశారు. వలలో చిన్నవీ, పెద్దవీ, ఆడవీ, పోతులూ అన్నీ పడ్డాయి. నమూనా అంటే వలలో పడ్డవి పడ్డట్టే తీసుకోవాలి. ఏరకూడదు.

ఆయన మాత్రం గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. బాగా ముదిరిన నీలంచేతుల పోతుల్ని ఒక్కొక్కటే తీసి ట్రేలో పేర్చారు. మంగమ్మ గారు వాటిని మంచినీళ్లతో కడిగారు.

"వీరాస్వామి గారూ, ఏరకండి. పడ్డవి పడ్డట్టే ఇచ్చెయ్యండి" అన్నాను.

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశారు. "ఏవండీ సుబ్బారావు గారూ, అంత దూరాన్నించి మన గట్టు మీదకొచ్చారండీ. పిందెలు పెట్టమంటారేంటండీ? మీ ఇంటికి చుట్టాలొస్తే పుచ్చొంకాయ వండుతారేంటండీ?"

"ఇది విందు కాదండీ, పరీక్ష."

"అయితే మరీ మంచివి ఇవ్వాలి కదండీ!" అన్నారాయన.

ప్రసాద్ గారు నా చెయ్యి పట్టుకుని నొక్కారు. "పోనివ్వండి. పెద్దాయన ముచ్చట. వాళ్లకీ బాగుంది" అన్నారు. నిజమే, వచ్చినవాళ్లకూ ముచ్చటేసింది. ఆవిడ ఆ ట్రేతో వీరాస్వామి గారిని నిలబెట్టి ఫోటో తీసుకుంది. ఇంటికొచ్చినవాడికి ఉన్నదాంట్లో మంచిది ఏరి పెట్టడం ఆయనకు ఊపిరంత సహజం. ఆ ట్రే ఐసుపెట్టెలోకి, అక్కడినుంచి విమానంలోకి వెళ్లింది.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. నిషేధించిన మందు ఒంట్లో కరిగాక మిగిలే ఆనవాలు ఆ రొయ్యల్లో దొరికిందట. మా ప్లాంటు కంటైనర్లన్నీ ఎక్కడివక్కడ ఆపేశారు.

మేము ఇక్కడ అదే చెరువు రొయ్యను పరీక్షించినప్పుడు ఏమీ లేదు. నాకు నిద్ర పట్టలేదు. మా పద్ధతికీ వాళ్ల పద్ధతికీ తేడా ఎక్కడుందా అని రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. మేము పెంకు వలిచి కండ మాత్రమే చూస్తున్నాం. వాళ్లు రొయ్యను పెంకుతో సహా రుబ్బి చూశారు. వెంటనే ఆ చెరువు రొయ్యనే పెంకుతో రుబ్బించి చూశాను. ఆనవాలు కనబడింది. తరవాత ఎవరూ మేత గానీ మందు గానీ వెయ్యని కాలువలో పట్టిన నీలకంఠం తెప్పించి, దాని పెంకు చూశాను. అందులోనూ ఉంది. అంటే ఆ ఆనవాలు రొయ్య పెంకులోనే పుట్టుకతో కొంచెం ఉంటోంది. ముదురు పోతుకు పెంకు మందం. మా పెద్దాయన మర్యాద కొద్దీ ఏరి ఏరి మందమైన పెంకులే పెట్టి పంపారు.

అడిగింది నిజం కాదు

ఆ కాగితాలు పట్టుకుని ప్రసాద్ గారి గదిలోకి పరుగెత్తాను. ఆయన చెడ్డవాడు కాదు. కూలీ అమ్మాయిలకు బస్సు పెట్టించినవాడు. నేను రాసినదంతా ఓపిగ్గా చదివారు.

"మీరు చెప్పేది నిజమే అయ్యుంటదండీ" అన్నారు. "కానీ వాళ్లు అడిగింది నిజం కాదు, కారణం. కారణం ఏంటి, దాని మీద ఏం చర్య తీసుకున్నారు అని అడిగారు. కారణం మీ పరీక్షేనండీ అని రాస్తే ఏమవుతుంది? ఇంకో బృందం వస్తది, ఇంకో ఏడాది పడతది. ఈలోగా ప్లాంటు మూసుకోవాలి. ఇంతమంది ఆడవాళ్ల కూలి పోతది."

"మరేం రాస్తారండీ?"

ఆయన నా వైపు చూడకుండా చెప్పారు. "రైతు వాడి ఉండొచ్చని రాస్తాను. ఆ చెరువును తీసేశామని రాస్తాను."

అరిచాను. ఆ గదిలో అంతకుముందెప్పుడూ అరవలేదు. ఆయన తల వంచుకుని విన్నారు. తరవాత అలాగే రాశారు. పదిరోజులు తిరక్కుండా కంటైనర్లు కదిలాయి. కూటమికి కారణం దొరికింది, కంపెనీకి ఓడ దొరికింది. ఈ మొత్తం ఏర్పాటులో ఎదురు ప్రశ్న వెయ్యడానికి డబ్బూ, సమయం, ధైర్యం లేనివాడు ఎవడో వాడి మీదే తప్పు ఆగుతుంది. ఇది ఒక ప్రసాద్ గారి నైచ్యం అనుకుంటే హారిక ఏమీ నేర్చుకోనట్టే. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే రాస్తారు.

సంగతి ఊళ్లో పాకాక వీరాస్వామి గారు ప్లాంటు గేటు దగ్గరికి వచ్చారు. ప్రసాద్ గారు మీటింగులో ఉన్నానని చెప్పించారు. నేను బయటికి వెళ్లాను.

"సరుకు కొనమని అడగట్లేదండీ. వీరాస్వామి మందు వెయ్యలేదు అని ఒక్క ముక్క రాసియ్యండి చాలు. మా వీధిలో చూపిస్తాను. చెరువు గలాయనకి చూపిస్తాను" అన్నారు.

లోపలికి వెళ్లి అడిగాను, కుదరదన్నారు. తెల్లకాగితం మీద నేనే రాసి, నా పేరు పెట్టి ఇచ్చాను. ఆయనకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముద్ర లేదు కదండీ" అన్నారు మెల్లగా. మళ్లీ మడిచి నా చేతిలోనే పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయారు. ఆ పంట తరవాత చెరువు గలాయన లీజు ఇంకొకరికి ఇచ్చేశాడు. మేత దుకాణంవాడు అరువు లేదన్నాడు. భార్యాభర్తలిద్దరూ కొల్లేటి గట్టుకు తిరిగి వెళ్లిపోయారని విన్నాను. నేను మాత్రం అదే ఉద్యోగంలో, అదే కుర్చీలో రిటైరయ్యాను.

చీజ్ ముక్కలు

ఈ కొత్త ఒప్పందానికి ముందు అభిప్రాయాలు అడుగుతామని విశాఖలో ఒక హోటల్లో సమావేశం పెట్టారు. అప్పటికి రిటైర్మెంటు దగ్గరపడిన నన్ను కంపెనీ పంపింది. ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, తెలుగువాడే, తెరమీద సుంకాల పట్టికలు చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచి అడిగాను. "బాబూ, వాళ్ల పరీక్షే తప్పయితే మా రైతు ఎవరికి చెప్పుకోవాలండీ?"

"అది వేరే చాప్టర్ అండీ. అందులో రెండు పక్షాలకూ సమాన హక్కులు ఉంటాయి. అనుమానం వస్తే వాళ్ల సరుకు మనమూ పరీక్ష చేయించొచ్చు."

"అంటే మా వీరాస్వామి గారు వాళ్ల చీజ్ ముక్క మీద అనుమానం వచ్చిందంటే, వాళ్ల ఓడ ఆపుతారాండీ?"

హాలంతా నవ్వింది. ఆ కుర్రాడూ నవ్వాడు. వీరాస్వామి గారెవరో ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం భోజనంలో నిజంగానే చీజ్ ముక్కలు పెట్టారు. నేనూ ఒకటి తిన్నాను. బాగానే ఉంది.

కావాలని ఎవరూ మోసం చెయ్యరు, అదే ఇందులో బాధ. ఆ కుర్రాడు పుస్తకంలో ఉన్నదే చెప్పాడు. వాళ్ల దేశాల్లో తినేవాళ్ల ఆరోగ్యం కోసం వాళ్లు నియమం పెట్టుకున్నారు. మా కంపెనీ కూలీల కోసం సంతకం పెట్టింది. అందరికీ న్యాయంగానే ఉంది. ఒక్క వీరాస్వామి గారి దగ్గరికి వచ్చేసరికి అది అన్యాయం అయింది. ఇప్పుడు సుంకం పోయిన లాభం కూడా సొంత చెరువులూ, సొంత ల్యాబులూ ఉన్నవాళ్లకే అందుతుంది. లీజు రైతు సరుకు రిస్కు అని పక్కన పెడతారు. పెడుతున్నారు కూడా.

పెంకు తీస్తారండీ

పూతరేకులు తెచ్చిన రోజున హారికను ఊరికే అడిగాను, నీలకంఠం ఇంకా వస్తోందా అని.

"ఎప్పుడైనా కొంచెం వస్తదండీ సార్. దానికి పెంకు తీసేసి కండ మాత్రమే పరీక్ష చెయ్యాలి కదండీ, కొంచెం పని ఎక్కువ."

నా చేతిలో పూతరేకు అలాగే ఉండిపోయింది. "ఎందుకు తియ్యాలి?"

"పెంకులో సహజంగానే ఆ ఆనవాలు ఉంటదంటండీ. యూరప్ వాళ్ల పద్ధతి కూడా అదేనండీ. మీకు తెలీదాండీ?"

"ఎప్పటినుంచి?"

"ఏమోనండీ. నేను చేరేటప్పటికే అలా ఉంది."

నియమం మారింది. ఎవరో శాస్త్రవేత్త నేను చూసిందే చూసి ఉంటాడు, నాకంటే బాగా రాసి ఉంటాడు, ఆయన మాట విని ఉంటారు. అంతకుముందు ఆపేసిన సరుకు గురించి, తీసేసిన చెరువుల గురించి ఏమైనా చెప్పారా అని అడగబోయి మానేశాను. ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? ఆ పద్ధతి కాగితం ఒకటి ప్రింటు తీసి, ప్లాంటు ముద్ర వేయించి పంపమన్నాను.

కొల్లేటి గట్టు

కాగితం అందగానే బస్సులో భీమడోలు దిగి, ఆటోలో కొల్లేటి వైపు వెళ్లాను. వీరాస్వామి గారు వంగిపోయారు. మంగమ్మ గారు నన్ను చూసి తలుపుచాటు నుంచి కుర్చీ తెచ్చి వేశారు. ఎవరిదో చేపల చెరువు, ఆయనది కాపలా, మేతా, పట్టుబడీ. గట్టు మీద శీలావతీ బొచ్చే చేపల్ని ఐసులో వేసి వ్యానుకు ఎక్కిస్తున్నారు.

కాగితం తీసి, ముద్ర చూపించి, అంతా చెప్పాను. ఆయన నెమ్మదిగా విన్నారు.

"అయితే పెంకులోనే ఉందాండీ? పుట్టుకతోనేనాండీ?"

"అవునండీ."

"అంటే మందు దేవుడేశాడన్నమాట" అన్నారు. మంగమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"ఇది మీ పాత చెరువు గలాయనకి చూపిద్దామండీ. నేనూ వస్తాను" అన్నాను.

"ఆయన పోయి చాన్నాళ్లయిందండీ. మేత దుకాణం కూడా లేదండీ ఇప్పుడు. ఎవరికని చూపిస్తామండీ?" అని చెరువు వైపు తిరిగారు. తరవాత అన్నారు, "మీ దగ్గర దాపరికం ఎందుకండీ. ఇప్పుడు నేను మందు వేస్తున్నానండీ."

"మీరాండీ?" అన్నాను.

"ఆయ్. నిజమేనండీ. ఓనరు పొట్లాలు పంపిస్తాడు, నేను కలుపుతాను. వెయ్యనన్నాళ్లూ దొంగనన్నారు. ఇప్పుడు దోసిళ్లతో వేస్తుంటే ఒక్కడూ అడగడండీ. ఈ వ్యాను ఏలూరు మార్కెట్‌కి పోతది. అక్కడ మందుందో లేదో చూసేవాడెవడండీ? ఫారిన్ వాళ్లయితే చూస్తారు. మనోళ్లు తినేదానికి పరీక్షేంటండీ?"

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం బాగుండేది.

బయల్దేరుతుంటే ఆగమన్నారు. ఇంటి వెనక చిన్న గుంట ఉంది. అందులో వల వేసి, పడ్డవాటిలోంచి ఏరి ఏరి రెండు మంచి శీలావతులు తీశారు.

"నేను తిననని తెలుసు కదండీ" అన్నాను.

"తెలుసండీ. మీ పక్కింటావిడ తింటారుగా. ఇది మా ఇంటి గుంటండీ. మేం తినడానికీ, వచ్చినోళ్లకి పెట్టడానికీను. ఇందులో మందు చుక్క పడనివ్వనండీ. ఇంటికొచ్చిన మీకు ఆ చెరువులోది ఇస్తానేంటండీ?"

సంచి తీసుకున్నాను. ప్రింటు కాగితం కుర్చీ మీదే వదిలేసి వచ్చాను. చేపలు విజయ గారికి ఇచ్చాను. మంచివేనాండీ అని ఆవిడ అడిగితే, ఉద్యోగంలో ఎన్నడూ లేనంత ధైర్యంగా, మంచివేనండీ అన్నాను.

మళ్లీ ఆదివారం విజయ గారు మార్కెట్ నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగారు.

"మీరు తెచ్చిన చేప ఎంత బాగుందోనండీ సుబ్బారావు గారూ! మా మనవడు మళ్లీ అదే కావాలని ఒకటే గొడవ. అందుకే అడిగి మరీ కొల్లేటి శీలావతే తెచ్చానండీ" అని సంచి తెరిచి చూపించారు. "చూడండి, ఎంత తాజాగా ఉందో."

చూశాను. కళ్లు మెరుస్తున్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. మొన్నటి చేపకూ దీనికీ కంటికి ఏ తేడా లేదు. ఆవిడ నా మాట కోసం నిలబడి ఉన్నారు.

"బాగుందండీ" అన్నాను.